మూడో డబ్బా

ఆషాఢం నెలంతా మా వదినకు అన్నం డబ్బా మోసింది నేనే. ఈ మాట విని కాలేజీలో అందరూ "ఎంత మంచి ఆడపడుచువే" అనేవాళ్ళు. మంచీ లేదు, మన్నూ లేదు. మోయకపోతే మా అమ్మ ఊరుకోదు కాబట్టి మోశాను. మోసిన ప్రతి రోజూ కడుపు మండుతూనే మోశాను.

బ్యాంకులో పనిచేసే మా అన్న నరేష్‌కుమార్ పెళ్ళి ఎండాకాలంలో అయింది. వదిన పేరు విజయశ్రీ, తుర్కయంజాల్ వాళ్ళమ్మాయి. అంతవరకూ బాగానే ఉంది. డిగ్రీలో ఆమె చదివేది కూడా నా కోర్సే, చైల్డ్ డెవలప్‌మెంటే అని, రెండేళ్ళు ఇంకెక్కడో చదివి మూడో ఏడాదికి మా కాలేజీకే మారుతుందని తరవాత తెలిసింది. చుట్టాలకు ఇదొక నవ్వులాట. "పిల్లలను సాదనీకి గూడ డిగ్రీనా? అదీ ఇంటికి ఇద్దరా?" అని మా మేనత్త పెంటమ్మ పెళ్ళి పందిట్లోనే అంది. మా అమ్మ మాత్రం "నా కోడలు కాలేజీకి పోతది" అని కనిపించిన ప్రతి మనిషికీ చెప్పుకుంది. అంతకు ముందు రెండేళ్ళు నేను పోయినప్పుడు ఎవరికైనా చెప్పుకున్నట్టు నాకైతే గుర్తులేదు.

జూన్‌లో కాలేజీ తెరిచారు. లలితకుమారి మేడం మా ఇద్దరినీ చూసి, "వదినా మరదళ్ళా? ఒకే క్లాసా? అబ్బ, ఎంత ముచ్చటగా ఉందండీ!" అని మురిసిపోయి, రెండేళ్ళుగా నా పక్కన కూర్చుంటున్న భావనను వెనక బెంచీకి పంపి, వదినను నా పక్కన కూర్చోబెట్టారు. ఇంట్లో నా గది పక్క గది ఆమెది. క్లాసులో నా బెంచీలో సగం ఆమెది. మొదటి వారంలోనే మేడం అడిగిన ప్రశ్నకు చెయ్యెత్తింది. ఆ జవాబు నాకూ తెలుసు.

అందుకే ఆషాఢం వస్తోందంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆషాఢంలో కొత్త కోడలు అత్తగారింట్లో ఉండకూడదు. అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదు. నెల రోజులు వదిన తుర్కయంజాల్‌లో ఉంటుంది, ఇల్లు మళ్ళీ నాది అనుకున్నాను. ఆమె వెళ్ళిన మర్నాడు పొద్దున కాలేజీకి బయలుదేరుతుంటే అమ్మ గేటు దగ్గరికొచ్చి రెండో డబ్బా చేతిలో పెట్టింది.

"ఇదెవరికే?"

"ఎవరికేంది? విజయకు. సాగర్ రోడ్డు బస్సుల పొద్దుగాలనే బయల్దేరుతదట. ఏం తింటదో ఏమో."

"ముఖం చూడొద్దన్నరు గద అమ్మా."

"ముఖం చూడొద్దన్నరు. బువ్వ పెట్టొద్దని ఎవరన్నరు?"

వదిన డబ్బా మూడు గిన్నెల స్టీలు క్యారియర్, పెళ్ళిలో వచ్చింది. నాది ఇంటర్‌లో కొన్న ప్లాస్టిక్ డబ్బా, మూతకు పగులు. అందులో పప్పు కారి నా పుస్తకాలన్నీ పసుపు వాసన. వదిన పైగిన్నెలో ఒక రోజు సర్వపిండి, ఒక రోజు గుడ్డు పొరటు. నాకేది అని అడిగితే "నీకు రేపు చేస్త తియ్" అనేది. కొత్తొక వింత, పాతొక రోత అని పెద్దలు ఊరికే అనలేదు.

వదిన ఎల్బీ నగర్‌లో బస్సు దిగి మెట్రో మెట్ల దగ్గర నా కోసం నిలబడేది. నేను డబ్బా ఇచ్చేదాన్ని. ఇద్దరం కలిసి రైలెక్కి, దిల్‌సుఖ్‌నగర్ దాటి, మూసారాంబాగ్‌లో దిగేవాళ్ళం. సాయంత్రం ఖాళీ డబ్బా మళ్ళీ నా చేతికే. నేను గేట్లో కాలు పెట్టకముందే అమ్మ అడిగేది, "ఇయ్యాల ఏం చెప్పిన్రు క్లాసుల? విజయ ఏమన్నది?" నాకు వినిపించేది రెండో ప్రశ్న ఒక్కటే.

ఇదంతా ఒక ఎత్తు. అసలు సంగతి ఇంకొకటి.

మా నాన్న కోదండానికి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం ఉంది. పోచంపల్లి చీరలు. తాతల నాటి మగ్గాలు మా ఊళ్ళోనే ఆగిపోయాయి గానీ చీరలు మమ్మల్ని వదల్లేదు. దుకాణంలో ఏళ్ళ తరబడి నమ్మకంగా పనిచేసిన సీతారాములు తాత మోకాళ్ళు పోయి, ఆపరేషన్ అని ఊరికి వెళ్ళిపోయాడు. ఆషాఢం సేల్, జనం. తరవాత శ్రావణం, పెళ్ళిళ్ళు. ఆ ఆదివారం అన్నం తింటూ నాన్న చెప్పేశాడు.

"కౌంటర్‌ల ఇంటి మనిషి ఉండాలె. బయటోళ్ళను నమ్మి గల్లా అప్పజెప్పుడు నాతోని గాదు. శ్రావణం సంది రజిత కూసుంటది."

"మరి కాలేజీ?" అన్నాను.

"ఆపాలె. ఏం చేస్తం?"

"నేనే ఎందుకాపాలె? వదిన లేదా?"

నాన్న నోట్లో ముద్ద నమిలి మింగాడు. "పెండ్లి మాటలప్పుడు వాళ్ళ నాయిన ఒక్కటే అడిగిండు, పిల్ల చదువు ఆపొద్దని. పదిమందిల మాటిచ్చిన. కోడలి చదువు ఆపితే నా మాటేం గావాలె?"

"నా చదువు ఆపనని నాకు మాటియ్యలేదా?"

"నువ్వు ఇంటి పిల్లవు," అన్నాడు నాన్న, నిజంగా అర్థం కానట్టు. "ఇంటోళ్ళకు మాటిచ్చుడేంది?"

అమ్మ వైపు చూశాను. చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు. "కోడలికి ఈ సంగతి చెప్పకుండ్రి, మనసుకు పెట్టుకుంటది," అని మాత్రం నాన్న అన్నాడు, దానికి అమ్మ తల ఊపింది. నా మనసు గురించి ఎవరూ అనుకోలేదు. ఆ రోజు అన్నం ముందునుంచి లేచిపోయాను. ఇంకో ఏడాది చదివితే చేతికొచ్చే డిగ్రీ. నిన్న గాక మొన్న వచ్చిన మనిషి నా బెంచీ మీద కూర్చుని పరీక్ష రాస్తుంది, నేను కౌంటర్‌లో కూర్చుని ఆమె ఫలితం ఫోన్‌లో చూస్తాను.

మా కాలేజీ ఆవరణలోనే ఒక చిన్న నర్సరీ బడి ఉంది. మూడో ఏడాది వాళ్ళకు అక్కడే ప్రాక్టికల్. ఒక్కొక్కరికి ఒక పిల్లను అప్పగిస్తారు. మూల చిన్న ముక్కాలిపీట మీద కూర్చుని చూడాలి. పలకరించకూడదు, నవ్వకూడదు. కళ్ళకు కనిపించింది రాయాలి, మనకు తోచింది రాయకూడదు. "కోపంగా ఉంది అని రాశారనుకోండి, సున్నా వేస్తాను," అనేవారు లలితకుమారి మేడం. "కోపం మీకెలా కనిపించిందమ్మా? కింది పెదవి బయటికి పెట్టింది, బంతిని తన్నింది. అది రాయండి."

వదినకు ఏ లొల్లీ లేని పిల్ల వచ్చింది. పొద్దున వచ్చి, బుద్ధిగా రంగులేసుకుని, బుద్ధిగా పోయే పిల్ల. నాకు తన్విక వచ్చింది. మూడున్నరేళ్ళు. ఇంట్లో తమ్ముడు పుట్టి రెండు నెలలైంది. ఆ తమ్ముణ్ణి కరవడానికి వీల్లేక ఇక్కడికొచ్చి మిగతా పిల్లల్ని కరిచేది. మానేసిన పాలసీసా మళ్ళీ కావాలనేది. పొద్దున వాళ్ళమ్మ వదిలి వెళ్తుంటే గేటు దగ్గరి నుంచి లోపలికి వచ్చేదాకా అడుగడుక్కీ వెనక్కి తిరిగి చూసేది. చూసి ఏడ్చేది. క్లాసులో అందరూ "అబ్బో, ఇదేం పోరి" అన్నారు. నాకు మాత్రం ఆ పిల్ల చేసేది నూటికి నూరుపాళ్ళు సబబనిపించింది.

ఒక రోజు తన్విక వాళ్ళమ్మను కూర్చోబెట్టి మేడం మా అందరి ముందే చెప్పారు. "నువ్వు పెద్దదానివి కదా అని ఆ మాట మాత్రం అనకండి. తమ్ముడి పనుల్లో ఏదో ఒకటి దాని చేతికివ్వండి, అది లేకపోతే జరగదన్నట్టు ఉండాలి. రోజూ కాసేపు మీరూ అదే, ఇద్దరే ఉండండి, చంటాడు లేకుండా. కరవబోతే తిట్టకండి, నమలడానికి ఏదైనా చేతిలో పెట్టండి. దాని ఎత్తుకు వంగి, కళ్ళలోకి చూసి, నీకు చాలా కోపంగా ఉన్నట్టుంది కదా, కోపం వస్తుంది, తప్పేం కాదు అని చెప్పండి." తన్విక వాళ్ళమ్మ తల ఊపింది. నా పక్కన వదిన పొల్లు పోకుండా రాసుకుంది. పరీక్షకు అనుకున్నాను.

ఆ వారం నుంచే వదిన నాతో అదో రకంగా ఉండటం మొదలుపెట్టింది. "రజితా, శ్రావణంల అత్తమ్మ నాకు చీర పెడతదట. నువ్వే ఏరాలె. నువ్వు ఏరకుంటే నేను కట్టనే కట్ట." సరే అన్నాను. ఇంకో రోజు రైల్లో ఎవరో తోస్తే నేను ఆమె మీద విసుక్కున్నాను. కిక్కురుమనకుండా బ్యాగులోంచి పల్లీ పట్టి తీసి నా చేతిలో పెట్టింది. ఆకలిగా ఉండి తిన్నాను. పెళ్ళయ్యాక నా ముఖం చూడని మా అన్న ఒక సాయంత్రం ఉన్నట్టుండి "రావే, కొత్తపేట దాక పోయి మిర్చి తినొద్దం" అని బండి తీశాడు. బండి దగ్గర నిలబడి మిరపకాయ బజ్జీ తింటూ "ఇగ, ఎట్ల నడుస్తుంది నీ చదువు?" అని అడిగాడు. మా అన్న నా చదువు గురించి అడగడం అదే మొదటిసారి. శ్రావణం నుంచి నడవదని తెలిసి అడిగాడా, మరిచిపోయి అడిగాడా నాకు తెలియలేదు.

ఆదివారాలు నన్ను దుకాణంలో కూర్చోబెట్టేవాడు నాన్న, అలవాటు కావాలని. ఆషాఢం సేల్ ఆదివారం అంటే దిల్‌సుఖ్‌నగర్‌లో నేల కనిపించదు. కొత్తపేట నుంచి ఒకావిడ వచ్చింది. "అమ్మాయికి పెళ్ళిచూపులండీ. మరీ ముసలి రంగులొద్దు, మరీ మెరుపులొద్దు," అంది. చూపించిన ప్రతి చీరకూ మూతి విరిచింది. నా ముందు చీరలు గుట్ట పడ్డాయి. నాన్న రెండో కౌంటర్‌లోంచి నన్ను గుర్రుగా చూస్తున్నాడు.

అంతలో అమ్మ అన్నం డబ్బా పట్టుకుని వచ్చింది. చెప్పులు విడిచి, పరుపు మీదికొచ్చి కూర్చుంది. "పిల్ల జర నల్లగుంటదా అమ్మా?" అని ఆవిడను నిమ్మళంగా అడిగింది.

"చామనచాయండీ. ఫోటో ఉంది, చూస్తారా?"

అమ్మ ఫోన్‌లో ఆ పిల్లను చూసింది. కింది వరసలోంచి ఆకుపచ్చ చీర ఒకటి లాగి తన భుజం మీదే వేసుకుని నిలబడింది. ఆవిడ అదే తీసుకుంది. పోతూ పోతూ "పెళ్ళి కుదిరితే మీ దగ్గరికే వస్తానండీ" అంది. మా అమ్మ "కుదురుతది బిడ్డా" అని ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడకు మా అమ్మకన్నా ఓ రెండేళ్ళు ఎక్కువే ఉంటాయి.

అయ్యాక అమ్మ ఇంటికి పోవచ్చు కదా. పోలేదు. నేను చెదరగొట్టిన చీరలన్నీ మడతలు పెట్టింది. ఇంకో ఇద్దరికి చీరలు చూపించింది. మళ్ళీ మడతలు పెట్టింది.

"ఇంటికి పోరాదు అమ్మా?" అన్నాను.

"పోతా తియ్. ఏం తరుముతున్నవ్?"

ఎందుకు ఉందో నాకు తెలుసనుకున్నాను. సాయంత్రం అన్న దుకాణానికి వచ్చి, అక్కడి నుంచి తుర్కయంజాల్ వెళ్ళి, అత్తగారి గడప తొక్కకుండా వాకిట్లోనే వదినను చూసి వస్తాడు. కోడలికి ఏదో పంపాలి, లేదా కోడలి కబురేదో వినాలి, అందుకే కూర్చుంది. అలా లెక్కగట్టి నేను నా కుళ్ళు నేను కుళ్ళుకున్నాను.

ఆషాఢం చివరి వారం వచ్చింది. ఒక పొద్దున తన్విక వాళ్ళమ్మ చెయ్యి విడిచి, గేటు దాటి, తిన్నగా ఇసుక దగ్గరికి పోయింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. అది మంచి గుర్తని మేడం అన్నారు, నేను రాసుకున్నాను. తల ఎత్తితే తన్విక వాళ్ళమ్మ గేటు పట్టుకుని ఏడుస్తోంది. రోజూ ఏడ్చే పిల్ల ఏడుపు మానితే సంతోషించాలి గానీ ఈవిడకేమైందో అనుకున్నాను.

ఆ సాయంత్రమే వదిన అమ్మకు ఫోన్ చేసింది. అమ్మ స్పీకర్ పెట్టి బియ్యం ఏరుతోంది.

"శ్రావణం రాంగనే రాను అత్తమ్మా. ఇంకో వారం ఆగి వస్త. రజిత, మీరు, ఇద్దరే కొన్ని రోజులుంటే మంచిగుంటది."

"అదేంది బిడ్డా?" అమ్మ ముఖం చిన్నబోయింది. "దానికేం రోగం? అది యాడికి పోతది?"

ఇదేం కొత్త నాటకం అనుకుంటూ ఆ రాత్రంతా ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. మర్నాడు వాన. ఎల్బీ నగర్ స్టేషన్ మెట్ల మీద గొడుగుల నీళ్ళు, జనం. వదిన ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉంది. "ఇగో, నీ డబ్బా," అని ఆమె చేతికి విసురుగా ఇచ్చాను. క్యారియర్ మూత ఊడి పులుసు ఆమె చున్నీ మీద పడింది.

వదిన చున్నీ చూసుకోలేదు. నాకన్నా ఆమె పొడుగు. మోకాళ్ళు కాస్త వంచి, నా కళ్ళలోకి చూసి, మెల్లగా అంది. "నీకు మస్తు కోపంగ ఉన్నట్టున్నది గదా, రజితా. కోపం వస్తది. తప్పేం గాదు."

నాకు ఒక్క క్షణం పట్టింది. తరవాత ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. నువ్వే ఏరాలె అన్న చీర. పల్లీ పట్టి. అన్న మిర్చి బండి. ఇద్దరే ఉండండి.

"నువ్వు... నా మీద ప్రాక్టికల్ చేస్తున్నవా?"

రైలు కోసం నిలబడ్డ వాళ్ళంతా తిరిగి చూశారు. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అది గాదు రజితా... తన్వికకు పనిచేసింది గదా అని..."

"నేను తన్వికనా? ఏం, కరవాల్నా నిన్ను? అన్నను గూడ నువ్వే పంపినవా మిర్చి తినబెట్టుమని?"

"నేను వచ్చినంక అత్తమ్మ నీకు కాకుంట పోయిందని నువ్వు బాధపడ్తున్నవని... నాకేం తెల్వదా? డబ్బా ఇచ్చేటప్పుడు రోజు నీ ముఖం చూస్త."

"అమ్మ గురించి గాదు!" అని అరిచాను. అమ్మ గురించి కూడా. కానీ అప్పుడు నోటికొచ్చింది ఇంకొకటి. "శ్రావణం సంది నేను దుకాణంల కూసోవాలె. కాలేజీ బంద్. నీ చదువు ఆపేది లేదని మీ నాయినకు మాటిచ్చిన్రు, నాకెవ్వరు ఇయ్యలే. నా బెంచి మీద నువ్వు కూసొని పరీక్ష రాస్తవు. పల్లీ పట్టి ఇస్తున్నవా నాకు?"

రైలు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. మేమిద్దరం ఎక్కలేదు. వదిన అక్కడున్న బెంచీ మీద కూర్చుంది.

"నాకెవరు చెప్పలే," అంది. అంతలోనే ఆమెకూ కోపమొచ్చింది. మా వదినకు కోపం వస్తుందని నాకు అప్పుడే తెలిసింది. "మా నాయిన నా చదువు ఆపొద్దన్నడు. నీది ఆపుమన్నడా? నా పేరు జెప్పి నిన్ను కూసోబెడ్తే రేపు నేను ఆ క్లాసుల ఎట్ల కూసుంట? దుకాణంల నేనే కూసుంట. మామయ్యతోని మాట్లాడ్త."

"వద్దు. నువ్వు గాని కూసున్నవంటే మా అమ్మ నిన్ను దేవుని అర్రల పెట్టి హారతి ఇస్తది. అది నేను చూడలేను."

వదినకు నవ్వాగలేదు. నాకూ వచ్చింది, కానీ ఆపుకున్నాను. ఆమె అలవాటుగా బ్యాగులో చెయ్యి పెట్టి, పల్లీ పట్టి సగం తీసి, నా ముఖం చూసి మళ్ళీ లోపల పెట్టేసింది.

"ఇయ్యి," అన్నాను. "తింటా."

శ్రావణ శుక్రవారం పొద్దున్నే వదిన వచ్చేసింది, వారం ఆగకుండా. అమ్మ గడపకు పసుపు రాసి, దిష్టి తీసి లోపలికి తీసుకొచ్చింది. నెల తరవాత కోడలి ముఖం చూసి "చిక్కినవ్ బిడ్డా" అని బుగ్గలు పట్టుకుంది. చిక్కడమా! నెలంతా ఆ డబ్బాలు మోసింది నేను, నాకు తెలుసు ఎవరు చిక్కారో.

నాన్న దుకాణం తాళాలు తీసుకుంటూ, "సోమవారం సంది రజిత నాతోని వస్తది," అన్నాడు.

"నేనొస్త మామయ్యా," అంది వదిన, ఇంకా బ్యాగు కూడా కింద పెట్టకుండా. "మా నాయినకు నేను జెప్పుకుంట."

"ఏమొద్దు," అన్నాను నేను. "నన్నే కూసోమన్నరు, నేనే కూసుంట. ఆమె దయ నాకేం అక్కర్లే."

"దయ ఏందే? నేను పెద్దదాన్ని..."

"ఏం పెద్దదానివి? ఏడు నెలలు!"

"మీరిద్దరు జర ఆగుండ్రి," అంది అమ్మ. వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో గరిటె. "దుకాణంల నేను కూసుంట."

నాన్న నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

"నువ్వా? ఇంట్ల మరి?"

"ఇంట్ల ఏమున్నది? పొద్దుగాల లేస్తే వీళ్ళిద్దరు బ్యాగులేసుకొని పోతరు. నువ్వు దుకాణంకు పోతవ్, పోరడు బ్యాంకుకు పోతడు. గేటుకాడ నిలబడి అందర్ని సాగదోలి, తలుపేసుకొని లోపట కూసుంట. ఇయ్యాల ఏం చెప్పిన్రే అని రోజు అడుగుత దీన్ని. ముఖం తిప్పుకొని పోతది." గరిటెతో నన్ను చూపించింది. "నాకు మండదా కడుపుల? మీ ఒక్కళ్ళకే ఉంటదా కుళ్ళు?"

నెలంతా ముక్కాలిపీట మీద కూర్చుని ఒక పిల్ల పెదవి ఎటు తిరిగిందో రాసుకొచ్చిన నేను, రోజూ గేటు దగ్గర నిలబడ్డ మనిషిని చూడలేదు. వదిన కూడా చూడలేదు. ఆ ఒక్క విషయంలో మా ఇద్దరికీ సమానంగా సున్నా.

"నలుగురు ఏమనుకుంటరు, అంజమ్మా?" అన్నాడు నాన్న చివరికి.

"కౌంటర్‌ల ఇంటి మనిషి ఉండాలె అన్నవ్ గద. నాకంటె ఇంటి మనిషి ఎవరున్నరు నీకు?"

నాన్న తాళాల గుత్తి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "మరి వంటెవరు చేస్తరు?"

"పిల్లలు ఎట్ల పెరుగుతరో ఇద్దరు చదువుతున్నరు గద. పెరిగినోళ్ళు ఏం తింటరో గూడ నేర్చుకుంటరు."

సోమవారం పొద్దున వంటింట్లో నేనూ వదినా కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. నేను ఉప్పు వేశాననుకుని ఆమె వేయలేదు, ఆమె వేసిందనుకుని నేను వేయలేదు. మూడు డబ్బాలు కట్టాం. స్టీలు క్యారియర్ అమ్మకు పెట్టాం. దాని పైగిన్నెలో సర్వపిండి, ఒక పక్క మాడింది. వదినకు కొత్త డబ్బా లేదు, మా అన్న డబ్బా తీసుకుంది. పగుళ్ళ మూత డబ్బా మళ్ళీ నాకే.

అమ్మ నా పాత కాలేజీ బ్యాగు వెతికి తీసుకుంది. జిప్పు సరిగా పడదని చెప్పినా వినలేదు. అందులో డబ్బా, నీళ్ళ సీసా, కళ్ళజోడు, దువ్వెన పెట్టుకుంది. నాన్న స్కూటర్ మీద రమ్మంటే "నువ్వు ముందుగాల పోయి తెరువు. నేను పిల్లలతోని మెట్రోల వస్త," అంది. గేటుకు తాళం తనే వేసింది.

ఎల్బీ నగర్‌లోనే రైలు మొదలవుతుంది కాబట్టి ముగ్గురికీ సీట్లు దొరికాయి. అమ్మ నాకూ వదినకూ మధ్య కూర్చుంది. నెల రోజులుగా నేను కోరుకున్నంత దగ్గరగా. కానీ అమ్మ నా వైపూ చూడటం లేదు, వదిన వైపూ చూడటం లేదు. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. చైతన్యపురి రాకముందే లేచి నిలబడింది.

"ఇంకా ఉన్నది అత్తమ్మా, కూసోండ్రి," అంది వదిన.

"ఉండనియ్ తియ్."

దిల్‌సుఖ్‌నగర్ వచ్చింది. నేను "సాయంత్రం ఇద్దరం దుకాణానికొచ్చి నిన్ను తీసుకపోతం అమ్మా" అంటున్నాను. విన్నదో లేదో తెలియదు. తరవాత జరిగింది మేడం చెప్పినట్టే రాస్తాను. కొంగు నడుముకు చెక్కుకుంది. బ్యాగు కుడి భుజం మీద సర్దుకుంది. తలుపు తెరుచుకోగానే అందరికన్నా ముందు దిగింది. మెట్ల వైపు వడివడిగా నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు.

తలుపులు మూసుకున్నాయి. నాకూ వదినకూ మధ్య ఒక సీటు ఖాళీగా ఉంది. వదిన వైపు చూశాను. కింది పెదవి బయటికి వచ్చి ఉంది. నాదీ అలాగే ఉండి ఉంటుంది.

"పల్లీ పట్టి ఉన్నదా?" అని అడిగాను.